పథ్యమున్న అతిథి కావలెను

పండగనాడు మీ ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లలో "నాకు అది పడదు, ఇది పడదు" అనేవాళ్లు ఒక్కరైనా లేకపోతే ఆ పండగ దండగ! ఈ మాట నవ్వులాటకి అంటున్నది కాదు. బాగా ఆలోచించి, నాలుగిళ్లు చూసి అంటున్నది.

అన్నీ తినే అతిథి వల్ల ఇంటికి ఏమిటి లాభం? వస్తాడు, తింటాడు, బాగుందంటాడు, చెయ్యి కడుక్కుని వెళ్లిపోతాడు. అతను వచ్చినందుకు గుర్తుగా ఎంగిలి కంచం తప్ప ఇంకేమీ మిగలదు.

అదే పథ్యమున్న అతిథి అయితే? వారం ముందునుంచే ఇల్లు నిద్ర లేస్తుంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. డబ్బాల మీద చీమ తలకాయంత అక్షరాలతో ఏం రాసి ఉందో కుటుంబమంతా కళ్లజోళ్లు మార్చుకుని మరీ చదువుతుంది. ఏళ్ల తరబడి అటక మీద పడుకున్న గిన్నెలు కిందికి దిగి వెలుతురు చూస్తాయి. ఇంత చైతన్యం ఇంకే అతిథి తేగలడు?

నమ్మకం కుదరనివాళ్లు రిటైరైన స్టేషన్ మాస్టరుగారింట్లో జరిగింది వినండి. విన్నాక కూడా అన్నీ తినేవాళ్లనే భోజనానికి పిలుస్తామంటే మీ ఇష్టం. మీ ఖర్మ.

ఆ ఇంట్లో పండగ వంట పెద్దకోడలిది. ఆమె బట్టలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొడవాటి బల్ల ముందు నిలబడి, ఒక చేత్తో సుద్దముక్క, ఇంకో చేత్తో మూరెడు కత్తెర పట్టుకుని, దొంతర్లుగా పరిచిన గుడ్డని చొక్కాలుగా, లాగులుగా విడదీస్తుంది. పండగొస్తే కంపెనీకి సెలవు. ఆమె కాళ్లకి కాదు. ఆ రోజు బల్ల ముందు బదులు పొయ్యి ముందు నిలబడతాయి.

మామగారు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ, ఉద్యోగం ఆయన నుంచి రిటైరవలేదు. భోజనాల బల్లకి ఎనిమిది కుర్చీలు. పండగనాడు తినేవాళ్లు ఇరవై మంది. కాబట్టి ఆయన మూడు బండ్లు నడుపుతారు. మొదటి బండిలో అతిథులు, పెద్దవాళ్లు, మగవాళ్లు. రెండో బండిలో పిల్లలు, ఆడపడుచులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు. మూడో బండిలో వండినావిడ.

మొదటి రెండు బండ్లూ నిమిషం తేడా రాకుండా కదులుతాయి. మూడోది గూడ్సు. దానికి టైమ్‌టేబులు ఏమిటండీ! పట్టాలు ఖాళీ అయినప్పుడు పోతుంది. అప్పటికి కుర్చీల మీద ఎవరో ఒకరు కునికిపాట్లు పడుతూ ఉంటారు. పెద్దకోడలు గట్టుకి ఆనుకుని, అడుగంటిన గిన్నెలోనే అన్నం కలుపుకుని, నిలబడే నాలుగు ముద్దలు మింగుతుంది. ఆ ముద్దలు కూడా ఎవరైనా మంచినీళ్లు అడక్కపోతేనే.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఇలా సాఫీగానే సాగింది. ఈమధ్యే ఆమె కడుపు పేచీ పెట్టడం మొదలుపెట్టింది. వేళ దాటితే చాలు, పక్కటెముకల కింద నిప్పు కణిక పెట్టినట్టు మంట. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, లోపల పుండు పడుతోందని చెప్పింది. "మాత్రలు రాస్తాను. కానీ మాత్రలకన్నా ముఖ్యం, వేళకి తినమ్మా. కూర్చుని, నెమ్మదిగా, వేడివేడిగా తిను. ఇలాగే నిర్లక్ష్యం చేస్తే ఒకరోజు నెత్తురు కక్కుకుని వస్తావు నా దగ్గరికి" అంది.

పెద్దకోడలు ఈ మాట ఇంట్లో చెప్పింది. అత్తగారు ఎంతో ప్రేమగా విన్నారు.

"వేళకి తినొద్దని నిన్నెవరన్నారే? పనయ్యాక కూర్చుని సుబ్బరంగా తిను."

పని అయ్యేదే వేళ దాటాక. పెద్దకోడలు భర్త వైపు చూసింది. ఆయన "అమ్మ చెప్పింది కదా" అన్నాడు. ఆయన ఆ మాట తప్ప ఇంకోటి అనగా విన్నవాళ్లు ఆ వీధిలో లేరు.

అంతలో ఆ ఇంటికి అదృష్టం తలుపు తట్టింది. చిన్నకొడుకు, అంటే పెద్దకోడలి మరిది, తన ఆఫీసు మేనేజరమ్మని పండగ భోజనానికి పిలిచాడు. అతనికి ఎక్కడో దూరాన పడిన ట్రాన్స్‌ఫర్ రద్దు కావాలంటే ఆవిడ సంతకం కావాలి. ఆవిడ వస్తానని ఒప్పుకుని, ఫోన్‌లో చిన్న మెసేజ్ పెట్టింది.

"పాలు, గోధుమ, జీడిపప్పు, పల్లీల్లాంటి గింజలు తినను. మిగతావి వచ్చాక చెబుతాను."

ఆ రెండో వాక్యం ఉంది చూశారూ, అది పడ్డ క్షణం నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

"మిగతావి అంటే ఎన్నిరా?" అన్నారు మామగారు.

"తెలీదు నాన్నా."

"అడుగు మరి!"

"పై అధికారిని అలా గుచ్చిగుచ్చి అడిగితే బావుంటుందా? ముందే తెలుసుకోవాల్సింది అనుకుంటుంది."

"అయితే మనమే ఊహించాలి" అని మామగారు తీర్మానించారు.

ఊహించడానికి కుటుంబమంతా హాల్లో సమావేశమైంది. ఆ కుటుంబానికి పూర్వం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఏ పనైనా అవసరమైనంత చేసి ఊరుకోరు. "ఎందుకైనా మంచిది" అని ఇంకొంచెం చేస్తారు. తలుపుకి రెండు తాళాలు, గొడుగు వెంట ఇంకో గొడుగు, ఊరికి వెళ్తే స్టేషన్‌కి బండికన్నా పూట ముందు. అలాంటివాళ్ల చేతికి ఈ మెసేజ్ దొరికింది!

పాలు వద్దన్నది కాబట్టి వెన్న, పెరుగు, మీగడ కూడా పోయాయి. ఇది న్యాయమే. ఆ తర్వాత పాలు కాచిన గిన్నెలు ఎదురింటికి వెళ్లాయి, ఎందుకైనా మంచిదని. ఆడపడుచు పసిబిడ్డ పాలసీసా మేడ మీదికి బదిలీ అయింది. బిడ్డ కూడా దాంతోపాటే వెళ్లాల్సి వచ్చింది. పాలు తాగే అలవాటున్న పెరటి పిల్లిని గేటు బయటికి తరిమారు. గోధుమపిండి డబ్బా వెళ్లిపోయాక, ఆ పిండి ఎప్పుడైనా ఎగిరి పడి ఉండొచ్చని ఫ్యాను రెక్కలు తుడిచారు. తుడిచిన గుడ్డని ఉతికారు. ఉతికిన బకెట్‌ని ఎండలో పెట్టారు.

ఇక మరిది ఫోన్ పట్టుకుని, ఈ మూడూ పడనివాళ్లకి ఇంకేమేం పడకపోవచ్చో వెతుకుతూ పైకి చదివాడు. గుడ్లు. వంకాయలు. టమాటాలు. వెల్లుల్లి. నువ్వులు. పుట్టగొడుగులు. అతను ఒక్కో పేరూ చదవడం, మామగారు "కొట్టెయ్" అనడం! లోకంలో ఇన్ని తినే పదార్థాలున్నాయని ఆ ఇంట్లో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఒకరికి పథ్యం ఉందంటే పక్కవాడు ఊరుకుంటాడా? మామగారికి ఉన్నట్టుండి, తనకి చిన్నప్పట్నుంచీ కాకరకాయ పడదని గుర్తొచ్చింది. "పడకపోవడమంటే మామూలు పడకపోవడం కాదు, ఎలర్జీ" అన్నారు. పెద్దల్లుడికి క్యాబేజీ వాసన తగిలితే తుమ్ములొస్తాయట. అత్తగారికి పచ్చిమిర్చి ఒంటికి వేడట, ఎండుమిర్చి అయితే పర్లేదట. అందరి మాటలూ అందరూ శ్రద్ధగా విన్నారు, అయ్యో అన్నారు, తగిన ఏర్పాట్లు చేస్తామన్నారు.

ఆ ధైర్యంతో పెద్దకోడలు వంటింటి గుమ్మంలోంచి మెల్లిగా అంది. "అత్తయ్యా, నాక్కూడా... వేళకి తినాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పండగనాడు మొదటి దఫాలో నేను కూడా ఓ పక్కన కూర్చుంటాను."

హాలంతా ఆమె వైపు తిరిగింది.

"అది పథ్యం ఎలా అవుతుందే?" అన్నారు అత్తగారు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. "అది ఆకలి."

అందరూ తలలూపారు. ఆ తేడా అంత చక్కగా విడమరిచి చెప్పినందుకు మామగారు భార్య వైపు మెచ్చుకోలుగా చూశారు కూడా.

ఎంత సూక్ష్మమైన విషయమో గమనించండి! పడనిది తింటే వచ్చే బాధ జబ్బు. తినకపోతే వచ్చే బాధ ఆకలి. మొదటిదానికి సమావేశాలుంటాయి. రెండోదానికి ఓపిక ఉంటే చాలు.

పండగ రానే వచ్చింది. కొట్టేయగా మిగిలినవాటితో పెద్దకోడలు తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. గుమ్మడికాయ కూర, చిక్కుళ్లు, కోడికూర, బియ్యప్పిండి రొట్టెలు, అన్నం, బెల్లంతో ఒక తీపి. గింజలు దంచి వేయకుండా కూర చిక్కబడాలి, పాలు లేకుండా తీపి కుదరాలి. నాలుగుసార్లు చేసి చూసిన వంటయితే చెయ్యి దానంతటదే ఆడుతుంది. ఇక్కడ ప్రతి గిన్నె దగ్గరా ఆగి ఆలోచించాల్సి వచ్చింది. మధ్యమధ్యలో మరిది వచ్చి "వదినా, గరిటె మార్చావా?" అని, అత్తగారు వచ్చి "చెయ్యి కడిగావా?" అని అడిగి వెళ్తున్నారు. ఏదైనా తిన్నావా అని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పని ఒత్తిడి అలాంటిది.

మేనేజరమ్మ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే పెద్దకోడలికి పక్కటెముకల కింద కణిక రాజుకుంది. ఒక చేత్తో అక్కడ నొక్కుకుని, రెండో చేత్తో గిన్నెలు అందించింది. గుమ్మంలోనే అతిథి ముక్కు ఎగబీల్చి "వాసన అదిరిపోతోంది, ఎవరు వండారు?" అంది.

"నేనేనండీ. ఏదో, వచ్చీరాని వంట" అన్నారు అత్తగారు, సిగ్గుపడుతూ.

ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఆ ఇంట్లో వంట కోడలు చేస్తుంది, పేరు అత్తగారు తీసుకుంటారు. అత్తగారు కోడలిగా ఉన్నప్పుడు ఆవిడ అత్తగారూ ఇలాగే తీసుకున్నారు. వాళ్ల ఇంటి పద్ధతి అది. ఇన్నేళ్లలో ఎవరికీ దానివల్ల నష్టం రాలేదు.

మొదటి బండి కదలడానికి సిద్ధమైంది. ఎనిమిది కుర్చీలూ నిండాయి. అత్తగారు అతిథికి కుడిపక్కనే కూర్చున్నారు. మరిది చేతులు నలుపుకుంటూ "మేడం, మీరు మిగతావి వచ్చాక చెబుతానన్నారు" అన్నాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది.

"ఆఁ, మిగతావి" అంది మేనేజరమ్మ. "ఒక్కటేనండీ. బయట ఎక్కడ తిన్నా, వండినవాళ్లు నా పక్కన కూర్చోవాలి. ఏ గిన్నెలో ఏమేం పడ్డాయో చెప్పాలి. ముందు వాళ్లు తినాలి, తర్వాత నేను. ఒకసారి ఎవరో పెళ్లిలో తిని ఆస్పత్రి పాలయ్యాను. అప్పట్నుంచీ ఇదే రూలు."

అందరూ తేలిగ్గా నవ్వారు. ఇంతేనా! అత్తగారు పక్కనే ఉన్నారు కదా.

మేనేజరమ్మ గుమ్మడికాయ కూర దగ్గరికి లాక్కుంది. "ఇందులో ఏమున్నాయండీ?"

"గుమ్మడికాయ" అన్నారు అత్తగారు.

"అది కనబడుతోంది. ఇంకా?"

"ఉప్పు, కారం... వేయాల్సినవన్నీ వేశామండీ."

"నూనె?"

"వేశాం."

"ఏం నూనె అని."

"మేలురకం."

"గింజలేమైనా దంచి వేశారా?"

అత్తగారు మెడ తిప్పి వంటింటి గుమ్మం వైపు చూశారు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ పెద్దకోడలు అడ్డంగా తల ఊపింది. "అబ్బే, వేయలేదండీ!" అన్నారు అత్తగారు.

"మరి ఇంత చిక్కగా ఎలా వచ్చింది?"

తల ఊపి జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది. అత్తగారు గుమ్మం వైపు చూశారు, కూర వైపు చూశారు, చివరికి దేవుడి మీద భారం వేసినట్టు ఇంటికప్పు వైపు చూశారు. "దానంతటదే వచ్చిందండీ. మంచి కాయ."

మేనేజరమ్మ కంచం మీదినుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు. అతని ఉద్యోగం, ఊరు, జీవితం అన్నీ ఒక గుమ్మడికాయ చిక్కదనం మీద వేలాడుతున్నాయి. ఇంకో క్షణం ఆగితే ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఇక అతను పద్ధతులేమీ చూసుకోలేదు.

"వండింది మా వదిన మేడం!"

 ఆ మాట ఆ హాల్లో అంతకుముందు ఎవరూ అనగా విన్నది కాదు.

"మరి ఆమెని పిలవరేం?" అంది మేనేజరమ్మ.

పిలిచారు. కుర్చీ లేదు. మరిది లేచి తన కుర్చీ చూపించాడు. "అక్కడ కాదు, నా పక్కన" అంది అతిథి. ఆవిడ పక్కన ఒకవైపు గోడ. రెండో వైపు అత్తగారు.

అత్తగారు లేచారు. లేచినావిడ చేతులు ఖాళీగా ఉంటే బాగుండదు కదా. పెద్దకోడలు కూర్చోబోతూ తన చేతిలోని గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక ఆవిడ చేతికే ఇచ్చింది. ఆవిడా పుచ్చుకున్నారు. ఇద్దరిలో ఎవరూ కావాలని చేసింది కాదు. చరిత్ర ఒక్కోసారి ఇలాగే మలుపు తిరుగుతుంది.

పెద్దకోడలి వీపుకి కుర్చీ ఆనింది. ఎదురుగా కంచం, కంచంలోంచి ఆవిరి. "బియ్యం వేయించి, పొడి కొట్టి కలిపానండీ, అందుకని చిక్కబడింది" అని చెప్పి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. తన చేతి కూర వేడిగా ఉన్నప్పుడు అలా ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

తర్వాత చిక్కుళ్లు, కోడికూర. రొట్టె తుంచి తిన్నది, తీపి తిన్నది. ఒక్కో గిన్నె నుంచి రెండేసి ముద్దలు తింటే గానీ మేనేజరమ్మకి నమ్మకం కుదరలేదు. ఆమె నమలడం చూస్తోంది, మింగడం చూస్తోంది. మింగాక కాసేపు ఆగి మొహం ఎర్రబడిందేమో చూస్తోంది.

ఆవిడది దయ అని పొరబడకండి. ఆవిడ పెద్దకోడలి పేరు అడగలేదు, వంట బాగుందని కూడా అనలేదు. ఆవిడ కళ్లకి ఆమె ప్రయోగశాలలో ఎలుక. అయితేనేం? ప్రయోగశాలలో ఎలుకకి వేళకి మేత పెడతారు! కడుపులో కణిక మెల్లిగా చల్లారుతుంటే, ఇన్నాళ్లూ ఇంట్లో మనిషిగా ఉండి ఏం బావుకున్నానా అని పెద్దకోడలికి అనిపించిందంటే ఆమెని తప్పు పట్టగలమా?

మరిది ట్రాన్స్‌ఫర్ రద్దయింది. గిన్నెలు ఎదురింటినుంచి తిరిగొచ్చాయి, బిడ్డ మేడ దిగాడు, పిల్లి గేటు దూకింది. "ఏం చాదస్తం మనిషిరా బాబూ" అన్నారు అత్తగారు. కొన్నాళ్లకి ఏడాదిలో రెండో పెద్ద పండగ దగ్గరపడింది. రెండు రోజుల పండగ అది. విందు కొందరిళ్లలో మొదటిరోజు, కొందరిళ్లలో రెండోరోజు. స్టేషన్ మాస్టరుగారింట్లో మొదటిరోజే.

"ఈసారీ నేను మొదటి దఫాలో కూర్చోనా అత్తయ్యా? మొన్న కూర్చుని తింటే మంట తగ్గింది" అంది పెద్దకోడలు.

"మొన్నంటే మేడం వచ్చింది, తప్పలేదు" అన్నారు అత్తగారు. "ఈసారి మనవాళ్లేగా. మనలో మనకి పథ్యాలేమిటే?"

మామగారు మూడు బండ్ల వేళలూ పాతవే ఖాయం చేశారు.

మర్నాడు కంపెనీలో పెద్దకోడలు గుడ్డ పరుస్తూ ఈ సంగతి పక్క బల్ల మీద బొత్తాలు కుట్టే ఆవిడకి చెప్పింది. బొత్తాలావిడకి షుగరు. వేళకి తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఆమె కూడా ఒక ఇంటి కోడలే.

"మా అత్త ఏమంటుందో తెలుసా అక్కా?" అంది బొత్తాలావిడ. "షుగరు నీ ఒక్కదానికేనా, ఊళ్లో సగం మందికి ఉంది, వాళ్లంతా పండగ చేసుకోవట్లేదా అంటుంది. కిందటేడు పొయ్యి దగ్గరే పడిపోయాను. దిష్టి అన్నారు."

ఇద్దరూ కాసేపు పని చేసుకున్నారు.

"అక్కా, మీ ఇంట్లో నన్నెవరైనా చూశారా?"

"లేదు. ఎందుకే?"

"మా ఇంట్లో నిన్నూ చూళ్లేదు. మా ఇంట్లో విందు రెండోరోజు."

గుడ్డలోకి దిగుతున్న కత్తెర ఆగింది. పెద్దకోడలు ఆమె మొహంలోకి చూసింది. "నువ్వు మేడంలా ఉండగలవా?" అంది.

"ఏం చెయ్యాలేంటి? కూర్చోవాలి. అది పడదు, ఇది పడదు అనాలి. అంతేగా? నా జన్మంతా దాచుకున్నవి చాలా ఉన్నాయి."

ఆ సాయంత్రమే పెద్దకోడలు ఇంటికి వచ్చి, మా కంపెనీ మేడంని పండగకి పిలిచాను, ఆవిడ రాస్తేనే నాకు జీతం పెరుగుతుంది అని చెప్పింది. ఆవిడ మెసేజ్ కూడా చూపించింది. "వేళ దాటితే ఏదీ పడదు. వండినవాళ్లు పక్కన కూర్చుని ముందు తినాలి. లేకపోతే మంచినీళ్లు కూడా ముట్టను."

అత్తగారు చదివి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యో పాపం, ఏం జబ్బో! వేళ దాటకూడదంటే ఎందుకైనా మంచిది, పావుగంట ముందే వడ్డిద్దాం." మామగారు పాత టైమ్‌టేబులు చింపి కొత్తది తయారుచేశారు. భర్త కూడా మొదటిసారి సొంతంగా ఒక వాక్యం మాట్లాడాడు. "ఆవిడ పక్కన నీకు మెత్తటి కుర్చీ వేయిస్తాను."

మొదటిరోజు బొత్తాలావిడ పెళ్లినాటి చీర కట్టుకుని, ఆటో దిగి, కళ్లు సగం మూసి నడుచుకుంటూ వచ్చింది. పెద్దకోడలు ఆవిడ పక్కన కూర్చుంది. అత్తగారు వడ్డించారు. అంతా పావుగంట ముందే.

రెండోరోజు పెద్దకోడలు మేడం అయింది. బొత్తాలావిడ ఇల్లు ఇరుకుది. హాల్లో మడత బల్ల, దాని చుట్టూ రకానికొక కుర్చీ. గుమ్మం దగ్గరే ఆ ఇంటి అత్తగారు ఎదురొచ్చి చెప్పులు ఎక్కడ విడవాలో తనే చూపించింది. "వేళ దాటలేదు కదమ్మా? మీకోసమే గడియారం చూస్తూ కూర్చున్నాం" అంది. మేడం గంభీరంగా తల పంకించింది.

బొత్తాలావిడ పొయ్యి దగ్గర్నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. చెమట పట్టిన భుజం ఆమె భుజానికి తగిలింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగదని ఇద్దరికీ తెలుసు. ఒక్కో గిన్నెలో ఏముందో బొత్తాలావిడ చెప్పింది, ముందు తిన్నది. మేడం తర్వాత తిన్నది. అత్తగారు ఇద్దరి వెనకా నిలబడి అన్నం వడ్డిస్తూ, మేడం నెమ్మదిగా నమలడం చూసి కరిగిపోయింది.

"ఎంత కష్టం వచ్చిందమ్మా మీకు! వేళకి ఇంత తినకపోతే ప్రాణం మీదికి వస్తుందంటే మాటలా? మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా చూసుకుంటారో ఏమో పాపం" అని, గరిటెతో కోడలి తల వైపు చూపించింది. "మా ఇదీ అంటుందమ్మా, కళ్లు తిరుగుతున్నాయని, కాళ్లు వణుకుతున్నాయని. దీనిది ఉత్త నెపం, పని ఎగ్గొట్టడానికి. మీది మొహం చూస్తేనే తెలుస్తోంది, నిజం జబ్బు. ఇంకాస్త వేసుకోండమ్మా."

మేడం వేసుకుంది. "ఆమెక్కూడా వెయ్యండి" అంది, కంచంలోంచి తల ఎత్తకుండా. "నాతో సమానంగా తినకపోతే నాకు పడదు."